నా కొలతకు కుట్టిన తొడుగు

ఫిబ్రవరి 9

నన్ను అందరూ కత్తెరమ్మ అంటారు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, పేరు కూడా వాళ్ళ వెంటే పోయింది. వయసు డెబ్భై ఆరు. వృత్తి దర్జీపని, యాభై నాలుగేళ్ళుగా. కింద దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. ఇంట్లో నేను, నా చెల్లెలు. నేను పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు చేసుకుంది, మొగుడు పోయాక పదకొండేళ్ళ కిందట నా దగ్గరికి వచ్చేసింది. నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. టేపు మీద ఉన్నవన్నీ తెలుసు, టేపు మీద లేనివేవీ తెలియవు. దుకాణంలో నేను కొలత తీసి కేక వేస్తాను, చెల్లెలు పుస్తకంలో ఎక్కిస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క కొలత తప్పు రాయలేదు. ఈ నోటుపుస్తకం రాస్తున్నదీ ఆమే. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, సొంత తెలివి కలపకూడదు అని షరతు పెట్టాను. నవ్వింది. నవ్విందని కూడా రాయమన్నాను.

రోజూ బీపీ ఎంతుందో, ఒంట్లో ఎలా ఉందో రాసి పెట్టుకోమని ఆస్పత్రి నర్సు చెప్పింది. అంకెలు వాళ్ళ కార్డు మీదా వేస్తాం. ఈ పుస్తకం మాత్రం నాది, ఎవరికీ చూపించేది కాదు.

డాక్టరు బాబు ఇవాళ కాగితం మీద బొమ్మ గీశాడు. గుండె నుంచి ఒక పెద్ద రక్తనాళం కడుపులోకి దిగుతుందట. దారిలో మూత్రపిండాలకు చెరో కొమ్మ ఇచ్చి, బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్ళలోకి పోతుందట. నాకు ఆ కొమ్మల కిందే నాళం పొంగి బుడగలా అయింది. మామూలుగా రెండు సెంటీమీటర్లు ఉండాల్సింది ఆరు పాయింటు నాలుగు ఉంది. పగిలితే ఆస్పత్రికి చేరేలోపే కథ ముగుస్తుందన్నాడు.

"కడుపు కోస్తారా?"

"మీ వయసుకీ, మీ ఊపిరితిత్తులకీ అది తట్టుకోవడం కష్టమమ్మా. గజ్జల్లో చిన్న గాటు పెట్టి, అక్కడి నాళంలోంచి గుడ్డ గొట్టాన్ని పైకి పంపిస్తాం. లోపల తెరుచుకుంటుంది. ఇక రక్తం ఆ గొట్టంలోంచే పోతుంది, బుడగ మీద ఒత్తిడి పడదు."

ఆ గొట్టం బొమ్మ చూశాను. పైన ఒకటి, కింద రెండు.

"ఇది ప్యాంటే కదా బాబూ."

"ప్యాంటే. కానీ రెడీమేడ్ మీకు పట్టదు. దాని నడుము పట్టీ నిలవడానికి కొమ్మల కింద పదిహేను మిల్లీమీటర్ల తిన్నని నాళం కావాలి. మీకున్నది నాలుగు. అదీ వంకర."

నడుం లేని మనిషికి ప్యాంటు నిలవనట్టు. అలాంటివాళ్ళకు నేనైతే పట్టీ పైకి లాగుతాను. ఆయనా అదే అన్నాడు. గొట్టాన్ని కొమ్మల పైదాకా లాగి, కొమ్మలు మూసుకుపోకుండా సరిగ్గా వాటికి ఎదురుగా కాజాల్లాంటి రంధ్రాలు పెట్టి కుట్టిస్తారట. నా స్కాను కొలతలు ఎక్కడో కార్ఖానాకు పోతాయి. అక్కడ చేత్తో కుడతారు. అది నాకు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ సరిపోదు.

"ప్రమాదం ఎంత?" అని చెల్లెలు అడిగింది. నేను అడగలేదు.

"వందలో నలుగురికి ప్రాణం మీదికి రావచ్చు. ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే అంతకంటే చాలా ఎక్కువ."

"కుట్టించండి," అన్నాను. ఎనిమిది వారాలు పడుతుందట. వేలిముద్ర వేశాను.

ఫిబ్రవరి 10

బీపీ 148, 86. మిషను తొక్కడం బంద్ అట. కాళ్ళకు పనిలేకపోతే నోటికి పని పెరుగుతుందని చెల్లెలికి చెప్పాను.

మార్చి 2

ఆ కార్ఖానాలో నా గొట్టం కుడుతున్నది ఎవరో అని ఆలోచిస్తున్నాను. కంటిచూపు బాగున్న మనిషై ఉండాలి. మూత్రపిండం కొమ్మ మందం ఆరు మిల్లీమీటర్లు. మన కాజాలామెకు చెబితే, "ఆరు మిల్లీమీటర్ల కాజా అంటే చిన్నపిల్లల చొక్కా గుండీకే పెద్దమ్మా, కళ్ళు పోతాయి," అంది. గుండీలకు కాజాలు కుట్టడానికి ఆమె పంతొమ్మిదేళ్ళుగా నా దుకాణానికి వస్తోంది. వరసకు ఏమీ కాదు, పెద్దమ్మా అని పిలుస్తుంది. పని తెలిసిన మనిషి.

ఏప్రిల్ 6

ఎనిమిది వారాలు అయ్యాయి. చెల్లెలు ఆస్పత్రికి ఫోన్ చేసి వచ్చింది.

"ఇంకా కాలేదట అక్కా. కార్ఖానాలో పని ఎక్కువగా ఉందట."

కడుపుబ్బ నవ్వాను. యాభై నాలుగేళ్ళు నేను చెప్పిన మాటే అది. రేపు రండి, కాజాలు మిగిలాయి, ఇస్త్రీ మిగిలింది, కరెంటు లేదు. కొన్నిసార్లు గుడ్డకు కత్తెర కూడా పెట్టకుండా 'అయిపోవచ్చింది' అన్నాను. ఎంతమంది ఉసురో ఇప్పుడు తగిలింది. దర్జీకి దర్జీ దెబ్బ. ఆలస్యం చేస్తున్నాడంటే మంచి పనివాడే అయ్యుంటాడు, సమయానికి ఇచ్చేవాణ్ణి నేను నమ్మను.

చెల్లెలు నవ్వలేదు. దానికి మొదటినుంచీ హాస్యం తక్కువ.

ఏప్రిల్ 20

ఆస్పత్రి నుంచి ఉత్తరం వచ్చింది. చెల్లెలు చదివింది. కార్ఖానా ఇంకా గడువు అడుగుతోందట, ఆగడానికి ఇష్టమేనని వేలిముద్ర వేసి పంపాలట.

కాగితంలో 28 అని కనిపించింది.

"ఈ ఇరవై ఎనిమిది ఏమిటే?"

"ఇంకా ఇరవై ఎనిమిది రోజులు పడుతుందని."

వేశాను. తర్వాత అది తడిగుడ్డ తెచ్చి నా బొటనవేలు తుడిచింది. చిన్నప్పుడు నేను దాని మూతి తుడిచినట్టు, అంత నెమ్మదిగా.

(ఈ కింది వరసలు అక్క చెప్పినవి కావు. అక్కకు చదవడం రాదు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను, ఎక్కడో ఒకచోట రాయకపోతే ఉండలేను. తొడుగు ఏప్రిల్ మూడునే వచ్చింది. ఇరవై ఎనిమిదిన వచ్చి చేరమని ఉత్తరం. ఆపరేషన్ వద్దనుకుంటే కింద ముద్ర వేసి పంపమన్నారు. అక్క వేసింది అక్కడే. నా సంతకంతో ఒక మనిషిని, మా ఆయన్ని, ఆపరేషన్ గదిలోకి పంపాను, తిరిగి రాలేదు. ఇంకొకరిని పంపలేను.)

ఏప్రిల్ 21

152, 88.

మే 14

కొత్త గడువు వచ్చే నెల చివరికట. పోనీ.

ఒకాయన కోటు కోసం వచ్చి, "నాలుగోసారి తిరుగుతున్నానండీ, పెళ్ళికి కోటుతో వెళ్ళాలా చొక్కాతోనే పోవాలా," అని కేకలు వేశాడు. "నేను ప్రాణంతో ఆగుతున్నాను, నువ్వు కోటుతో ఆగలేవా నాయనా," అన్నాను. పాపం, కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళాడు.

నడుము వెనక కాస్త పట్టేసినట్టుంది. బుడగ కాదు. నిద్రలో వంకరగా పడుకుని ఉంటాను.

చెల్లెలు కూరల్లో ఉప్పు తగ్గించింది. బీపీ మందు చేతిలో పెట్టి మింగేదాకా నిలబడుతుంది. బరువు ముట్టనివ్వదు, మెట్ల మీద చెయ్యి పట్టుకుంటుంది. "నన్ను గాజు సామానులా చూస్తున్నావే," అంటే, "నువ్వు తప్ప నాకెవరున్నారు," అంది. కడుపున పుట్టినవాళ్ళు కూడా ఇంత చూడరు. ఈ మాట కూడా రాయమన్నాను. రాస్తూ కళ్ళు ఒత్తుకుంది. నా మీద ప్రేమే. నేనూ ముక్కు చీదాను.

(అక్క చెప్పింది కాదు. నడుము నొప్పి అంటోంది. డాక్టరుకు చెప్పాలి. చెబితే అంతా బయటపడుతుంది. రేపు చూస్తాను.)

జూన్ 2

ఈ పేజీ నుంచి రాత వేరు. రాస్తున్నది కాజాలామె.

చెల్లెలి ఆడపడుచుకు జారిపడి తుంటి విరిగితే, మొన్న చూడటానికి వెళ్ళింది. రోజులు గడిచిపోతున్నాయి, పుస్తకం ఆగిపోకూడదు కదా అని కాజాలామెను పిలిచాను. ఎక్కడ ఆపామో చదివి వినిపించమన్నాను. మే నెల పేజీ చదువుతూ మధ్యలో ఆగింది.

"ఏం, అక్షరాలు అర్థం కావడం లేదా?"

"అవుతున్నాయి పెద్దమ్మా."

"మరి?"

"ఇది నేను చదవను. చిన్నమ్మ వచ్చాక అడగండి."

"నీకు కూలి ఇచ్చేది నేను. చదువు."

చదివింది. వెనక్కి తిప్పి ఏప్రిల్ పేజీ కూడా చదివించాను. రెండుసార్లు. రెండోసారి వేలితో ఒక్కో మాటా చూపించమన్నాను. వరసలు వరసలుగా నల్ల దారప్పోగుల్లా ఉన్నాయి. ఇన్ని రోజులూ ఈ పుస్తకం నా దిండు కిందే ఉంది. నన్ను ముంచిన మాటల మీద తల పెట్టుకుని పడుకున్నాను.

అది ఎక్కడో దాచి ఉంటే ఇంత మండేది కాదు. నాకు కనబడేట్టే పెట్టింది. గుడ్డివాడి ముందు దొంగ సొమ్ము పరిచినట్టు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి అంటారు. నేను నానబోసింది నా ఒంటినే. దర్జీనని, ఆలస్యం అన్న మాట నమ్మాను. వేరే పని చేసుకునే ఏ ఆడదైనా మొదటి వారమే ఆస్పత్రికి పోయి అరిచి ఉండేది. నేను నవ్వాను. అది నాకు తెలిసిన అబద్ధమే ఏరుకుని నాకు చెప్పింది.

జూన్ 3

కాజాలామెను తోడు తీసుకుని బస్సులో ఆస్పత్రికి వెళ్ళాను. పొద్దున ఎనిమిదికే కౌంటరు దగ్గర నిలబడ్డాను.

నర్సు ఫైలు తీసి, "మీరు వద్దన్నారు కదమ్మా," అంది. కాగితం చూపించింది. నా వేలిముద్రే. ఎప్పుడో మిషను సూది దిగిన గీత అడ్డంగా ఉంది, కాదనడానికి లేదు.

"మేం ఫోన్ కూడా చేశాం. మీరే మాట్లాడారు. 'నేనేనమ్మా, నాకొద్దు, ఇంకోసారి చెయ్యకండి' అన్నారు."

"ఎలా అన్నాను?"

"గట్టిగానే అన్నారు."

చెల్లెలి గొంతూ నాదీ ఒకటేలా ఉంటాయని అందరూ అంటారు. గొంతు సరే, నా కోపం కూడా అరువు తీసుకుంది. అందులో కూడా కొలత తప్పలేదు.

డాక్టరు బాబు విన్నాడు. చాలాసేపు ఫైలు మూసి తెరిచి మూశాడు. "నేను మీతో నేరుగా మాట్లాడాల్సింది. కాగితం వచ్చింది కదా అని వదిలేశాను," అన్నాడు. అవును అన్నాను. ఊరుకోబెట్టే మాటలు నా దగ్గర లేవు.

తొడుగు ఉందా, ఎవరికైనా ఇచ్చేశారా అని అడిగాను. ఇవ్వడానికి ఎవరికీ సరిపోదు కదా. స్టోరు గదిలో అర మీద ఉందట. తీసుకెళ్ళి చూపించమన్నాను. తెల్లటి అట్టపెట్టె, మూరెడు పొడవు, పైన నా ఫైలు నంబరు. విప్పితే పాడైపోతుందని ముట్టుకోనివ్వలేదు. నా దుకాణంలోనూ ఇలాంటి అర ఒకటి ఉంది. కుట్టించుకుని మళ్ళీ రానివాళ్ళ బట్టలు. ఎందుకు రాలేదో అని అప్పుడప్పుడూ దులుపుతూ అనుకునేదాన్ని.

కొత్త స్కాను తీశారు. పాత కొలతతో కొత్త ఒంటికి తొడగకూడదని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆరు పాయింటు నాలుగు కాస్తా ఏడు పాయింటు ఒకటి అయింది. తొడుగు పట్టుకోవాల్సిన పై నాళం కూడా వెడల్పయిందట. తొడుగు ఇంకా పడుతుందో లేదో లెక్క వేసి చెబుతాడట. పట్టకపోతే మళ్ళీ మొదటి నుంచి కుట్టించాలి. అంతదాకా బుడగ ఆగుతుందా అని ఈసారి నేనే అడిగాను.

"మాట ఇవ్వలేనమ్మా," అన్నాడు.

జూన్ 4

ఇవాళ ఏమీ రాయొద్దు అన్నాను. కాజాలామె ఆ మాటే రాసింది.

జూన్ 5

చెల్లెలు తిరిగొచ్చింది. సంచి ఇంకా భుజానే ఉంది.

"పుస్తకం చదివించుకున్నాను," అన్నాను.

"మొత్తమా?"

"నువ్వు కలిపినవన్నీ."

సంచి దించి గుమ్మంలోనే కూర్చుంది. కాజాలామె లేచి వెళ్ళబోతే ఆపాను, ఈసారి నాకు సాక్షి కావాలి.

"నిన్ను చంపాలని చేశానా అక్కా?"

"బతికించాలని చేశావా?"

"ఉంచుకోవాలని చేశాను."

"మిగులు గుడ్డనా నేను, మడతపెట్టి ఉంచుకోవడానికి?"

"ఆయన పొద్దున తొమ్మిదికి నవ్వుతూ వెళ్ళాడు. చెప్పులు నా చేతికిచ్చి వెళ్ళాడు. పెద్ద అక్షరాలతో నేనే సంతకం పెట్టాను. ఆ చెప్పులు ఇంటికి నేనే మోసుకొచ్చాను."

"అది నువ్వు పెట్టిన సంతకం. నువ్వు మొయ్యి. ఇది నా ఒళ్ళు, నా వేలు. నా వేలు పట్టుకుని నాకే తడిగుడ్డతో గొంతు కోశావు. తుడిచావు కూడా."

"ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళే చాలనుకున్నాను. నీకు వందలో నలుగురన్నాడు. ఆయనకు వందలో ఒకరే అన్నారు."

"ఆ మాట ఆరోజే నాతో చెప్పలేకపోయావా?"

"చెబితే వినేదానివా?"

"వినేదాన్ని కాదు. అయినా చెప్పాలి. వినకపోవడం నా హక్కు."

ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. మొన్నటిదాకా ఈ ఇంట్లో నాకు కళ్ళు ఉన్నాయనుకున్నాను. నాకు చదవడం రాదని ఎవరు వెక్కిరించినా ఎన్నడూ సిగ్గుపడలేదు, ఇంట్లో అది ఉందని. ఇవాళ డెబ్భై ఆరేళ్ళకు సిగ్గేసింది. అది దొంగిలించింది రెండు నెలలు కాదు, ఆ ధైర్యం.

అన్నం వండి పెట్టింది. తినలేదు. సాయంత్రం తిన్నాను, మందు వేసుకోవాలి కాబట్టి.

జూన్ 6

నడుము నొప్పి. ఇది బుడగే. నిద్రలో వంకరగా పడుకోవడం కాదు, అది అప్పుడూ కాదు.

జూన్ 9

డాక్టరు బాబు కబురు పంపాడు. కాజాలామెతో వెళ్ళాను. చెల్లెలు వీధి చివరిదాకా వెనకే వచ్చి ఆగింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

పై నాళం ఇరవై ఆరు మిల్లీమీటర్లు ఉండేది ఇరవై ఎనిమిది అయింది. తొడుగు ముప్పై రెండుకు కుట్టారు. నాళం గోడను లోపలి నుంచి పట్టుకుని నిలవాలి కాబట్టి కాస్త పెద్దగానే కుడతారట. ఆ మిగులే నన్ను కాపాడింది. మూత్రపిండాల కొమ్మలు కదల్లేదు, కాజాలు ఎదురెదురుగానే ఉన్నాయి.

"ఇంకో మూడు నెలలు పోయి ఉంటే ఇది పనికొచ్చేది కాదమ్మా. ఇప్పుడు పడుతుంది. కానీ పట్టు అప్పటంత ఉండదు. ప్రమాదం కూడా నలుగురు కాదు, ఆరేడుగురు అనుకోండి."

నలుగురి దగ్గర ఉన్నదాన్ని ఆరేడుగురి దగ్గరికి తోసింది నా చెల్లెలు. ఇది రాయమన్నాను. కాజాలామె, "చిన్నమ్మ తెలియక చేసింది పెద్దమ్మా," అంది. తెలిసే చేసింది, అది కూడా రాయమన్నాను.

జూన్ 12

వార్డులో చేరాను. ఆరు మంచాలు, కిటికీ పక్క మంచం నాది. రేపు పొద్దున ఆపరేషన్. రెండు గజ్జల దగ్గరా పెన్నుతో గుర్తులు పెట్టారు. కత్తెర వెయ్యబోయే ముందు సుద్దముక్కతో గీసినట్టే.

మధ్యాహ్నం చెల్లెలు బట్టల సంచితో వచ్చింది. పిలవలేదు. మంచం దగ్గరికి రాకుండా గోడ పక్క స్టూలు మీద కూర్చుంది.

ఒప్పుదల కాగితం తెచ్చి, "ఎవరు చదివి వినిపిస్తారు?" అని నర్సు అడిగింది. కాజాలామె వైపు చూపించాను. చెల్లెలు తల దించుకుంది.

కాజాలామె నిలబడి చదివింది. గజ్జల గాటు గురించి, మత్తు గురించి, రక్తం ఎక్కించడం గురించి, మూత్రపిండాలు దెబ్బతినడం గురించి. రంధ్రాల దగ్గర రక్తం కారితే మళ్ళీ చెయ్యాల్సి రావచ్చని. చదివి, "పైవన్నీ నాకు అర్థమయ్యేట్టు చెప్పారు," అన్న చివరి వరసకు వచ్చింది. వేలికి సిరా పట్టించుకున్నాను.

గోడ దగ్గర్నుంచి చెల్లెలు అంది: "ఒక వరస వదిలేసింది."

అందరం తిరిగి చూశాం.

"అందులో ప్రాణం పోవచ్చని ఒక వరస ఉంటుంది. మూత్రపిండాల తర్వాత. నేను ఇలాంటిది ఒకటి చదివాను. అది చదవలేదు."

కాజాలామె కాగితం మడిచి పట్టుకుంది. ఆమె చెంపలు తడిశాయి. "ఎలా చదవను పెద్దమ్మా," అంది.

"చదువు," అన్నాను.

చదవలేకపోయింది. నర్సు చెయ్యి చాచింది. అంతలో చెల్లెలు స్టూలు మీంచే, కాగితం చూడకుండా, నా మొహంలోకి చూస్తూ చెప్పింది: "ఈ చికిత్స వల్ల మరణం కూడా సంభవించవచ్చని నాకు తెలుసు." నర్సు కాగితం చూసి, అక్షరం తేడా లేదంది. వేలిముద్ర వేశాను.

క్షమించానని ఎవరూ అనుకోవద్దు. నేను అనలేదు, అది అడగలేదు. కానీ ఈ గదిలో నన్ను నమ్మి నిజం చెప్పింది నన్ను మోసం చేసిన మనిషే. దీన్ని ఏ కొలతతో కొలవాలో నాకు తెలియదు.

సాక్షి సంతకం ఇంట్లోవాళ్ళది కావాలా అని నర్సు అడిగింది. వద్దన్నాను. దాని పేరు ఈ కాగితం మీద ఉండకూడదు. జరగకూడనిది జరిగితే, ఇంకో మనిషిని నా సంతకంతో పంపానని అది మళ్ళీ అనుకోకూడదు.

"ఏమైనా అయితే కబురు ఎవరికి చెప్పాలి?" అన్నది ఆఖరి ప్రశ్న. నర్సు పెన్ను పట్టుకుని ఆగింది. వేరే పేరు కోసం వెతికాను. దొరకలేదు.

"అదుగో, ఆ స్టూలు మీద కూర్చుంది," అన్నాను.

ఈ పుస్తకంలో ఇవాళ్టి పేజీలో ఉన్నదంతా నేను చెప్పింది. చదివించుకుని, వదిలినది కూడా విని, నా ఇష్టంతో వేలు వేస్తున్నాను.

కత్తెరమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

చూసినవాళ్ళు: కాజాలామె. వార్డు నర్సు.